నవోమి పంతులమ్మ పిలిచిన అతిథులు

మెదక్ చర్చికి దగ్గర్లో, ఒక సందు చివర, గూనపెంకుల చిన్న బడి ఉండేది. నవోమి అక్కడ మూడో తరగతికి పాఠాలు చెప్పేది. పెళ్లయిన మూడేళ్లకే భర్త విషజ్వరంతో పోయాడు. అప్పటినుంచి ఆమెకు ఇల్లూ బడీ ఒకటే అయ్యాయి.

పిల్లలు అక్షరాలన్నీ గొంతెత్తి వల్లించేవారు. మూడో తరగతికి వచ్చినా, విడిగా ఒక్క అక్షరం పలక మీద రాసి ఇదేమిటని అడిగితే మాత్రం బిత్తరచూపులు చూసేవారు. నవోమికి అదే దిగులు. ఒకరోజు బజారులో బట్టల దుకాణం ముందు నిచ్చెనెక్కి బోర్డు రాస్తున్న బద్రుద్దీన్‌ని చూసింది. ఆయన బోర్డులు రాస్తాడు, పెళ్లిళ్లకు గోడల మీద పూలూ పక్షులూ వేస్తాడు. ఆయన కుంచె కదిలినవైపల్లా కళ్లు తిప్పుతూ, కింద తన తరగతి పిల్లలే నలుగురు నిలబడి ఉన్నారు. బడిలో పట్టుమని పది నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్లలు వాళ్లు.

ఆయన కిందికి దిగేదాకా ఆగి నవోమి అడిగింది.

"బద్రుద్దీన్ భాయి, మా బడికి జర వస్తరా? పిల్లలకు బొమ్మలెయ్యాలె."

"నేనా? బడికా?" ఆయన నవ్వాడు. "నేనే సరిగ్గ సదువుకోలే పంతులమ్మా."

"సదువు నేను చెప్త. మీరు బొమ్మలెయ్యుండ్రి, చాలు."

హెడ్‌మాస్టర్ జకరయ్యకు ఇది నచ్చలేదు. "బడంటే తమాషా కాదమ్మా" అన్నాడు. అయినా చివరికి, గురువారం ఒక్క గంట అయితే సరేనన్నాడు.

బద్రుద్దీన్ నల్లబల్ల మీద పెద్దగా 'చ' రాసి, దానికి తోకా కన్నూ పెట్టి చేపను చేశాడు. 'క' కోడిపుంజు అయింది. పిల్లలు తమ పలకల మీద అక్షరాలకు కాళ్లూ రెక్కలూ మొలిపించారు. రెండు నెలలు తిరిగేసరికి వెనక వరుస పిల్లలు కూడా దుకాణాల పేర్లు కూడబలుక్కుని చదవసాగారు.

దాంతో నవోమికి ధైర్యం వచ్చింది. హవేలిఘనపూర్‌లో కథలు చెప్పే భూమయ్యను కూడా ఆ గురువారం గంటకే పిలిచింది. మట్టితో చేసి ఒకవైపు తోలు బిగించిన గుమ్మెట వాయిస్తూ, ఆ ముసలాయన ఏడో ఎక్కాన్ని కథలాగా పాడితే పిల్లలు పలకల మీద దరువేసేవారు.

కాలం మాత్రం మంచిది కాదు. ఊళ్లల్లో సంఘం కట్టిన రైతులు, జనం మాటలో సంగపోళ్లు, దొరల మీద తిరగబడుతున్నారు. పాటా కథా వింటే చాలు, సర్కారు వాళ్లకు అనుమానం. ఒక పొద్దున పోలీసు అమీన్ సాబ్ ఇద్దరు జవాన్లతో బడికి వచ్చాడు.

"గీడ సంగం పాటలు పాడుతుండ్రట?"

నవోమి "ఎక్కాలు సాబ్" అంది. పిల్లల వైపు తిరిగి పాడమంది. బెదిరిపోయిన పిల్లలు సన్నగా మొదలుపెట్టి, సగానికి వచ్చేసరికి భయం మరిచి గట్టిగా పాడారు. అమీన్ చివరిదాకా విని వెళ్లిపోయాడు. ఆ మరుసటి వారమే, సర్కారు పక్షాన తిరిగే రజాకార్లు భూమయ్యను సంతలో పట్టుకుని కొట్టారు. గుమ్మెట పగలగొట్టారు. తరువాత ఆయన్ను జైల్లో వేశారు.

నేను పిలవకుంటే ఆయన వాళ్ల కంట పడేవాడే కాదేమో అని నవోమి కుమిలిపోయింది. జకరయ్య గురువారం గంట ఆపేయించాడు. ఆ రోజుల్లోనే రజాకార్లు తమ ఆఫీసు బోర్డు బద్రుద్దీన్ చేత రాయించుకున్నారు. ఆయన నిచ్చెన మీద ఉండగా ఊరంతా చూసింది.

తరువాతి భాద్రపదంలో యూనియన్ సైన్యం వచ్చి ఆ సర్కారును దించింది. రజాకార్లు ఎటు పోయారో పోయారు. జనం వీధుల్లో జెండాలు పట్టుకుని తిరిగారు. ఆ సంబరం చాటున కొందరు తురకల ఇళ్ల మీద పడ్డారు. బద్రుద్దీన్ నిచ్చెన విరిచి, రంగుల డబ్బాలు మురికి మోరీలో పారబోశారు. ఆయన తలుపేసుకుని ఇంట్లోనే ఉండిపోయాడు.

ఊరు సద్దుమణిగాక నవోమి వెళ్లి తలుపు తట్టింది. ఆయన భార్య అఖ్తరున్నీసా తలుపు సందులోంచి చూసి, గుర్తుపట్టి గొళ్లెం తీసింది. బద్రుద్దీన్ గోడకానుకుని కూర్చుని ఉన్నాడు.

"గురువారం రాండ్రి భాయి. పిల్లలు అడుగుతుండ్రు."

"ఆ బోర్డు నేనే రాసిన పంతులమ్మా. రాయకుంటే నన్నేం జేస్తురో నాకెర్కనే. అయినా రాసింది నా చెయ్యే గద."

నవోమి అది తప్పు కాదని అనలేకపోయింది. "అయినా రాండ్రి" అని మాత్రం అంది.

ఈ సంగతి తెలిసి, తరగతిలో ఒక పిల్ల తండ్రి మల్లేశం బడికి వచ్చాడు. "ఆయనొస్తే మా పిల్ల రాదు. భూమయ్య ముసలోన్ని గట్ల కొట్టిన్రు, వాళ్లకు బోర్డు రాసినోడు మా పిల్లలకు సదువు చెప్తడా?"

ఆ మాట నవోమిని నిలవనియ్యలేదు. భూమయ్య విడుదలై ఇంటికొచ్చాడని విని హవేలిఘనపూర్ వెళ్లింది. ఆయన ఎడమచెయ్యి వంకరగా అతుక్కుంది. ముందు తనను క్షమించమని అడిగింది.

"నువ్వేం జేసినవ్ బిడ్డా" అన్నాడాయన.

తరువాత బద్రుద్దీన్ మాట ఎత్తింది. భూమయ్య వాకిట్లోకి మొహం తిప్పుకున్నాడు.

"ఆయన మొకం సూడబుద్ధి అయితలేదు. నీకెందుకు అబద్ధం చెప్పాలె? కానీ పిల్లల బొమ్మలెందుకు బందు గావాలె? ఆయన్ని గురువారమే రమ్మను. నేను సోమారం వస్త."

నవోమి ఆ మాటలే ఉన్నదున్నట్టు జకరయ్యకు చెప్పింది, మల్లేశానికీ చెప్పింది. జకరయ్య ఒప్పుకున్నాడు. మల్లేశం ఒప్పుకోలేదు, కూతుర్ని మాన్పించాడు. మరో ఇద్దరు పిల్లలు కూడా బడి మానేశారు. ఆ మూడు ఖాళీలూ నవోమిని రోజూ బాధపెట్టేవి. అయినా ఆమె మనసు మార్చుకోలేదు.

మొదటి గురువారం బద్రుద్దీన్ సుద్దముక్క పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. ముందు వరుసలోని ఒక పిల్ల "చేప ఎయ్యి చాచా" అంది. వేశాడు.

భూమయ్య సోమవారాలు వచ్చేవాడు. ఒక చేత్తో వాయించలేక ఉత్త గొంతుతోనే కథ చెప్పేవాడు. చలికాలంలో ఒక గురువారం, బజారు పనిమీద వచ్చి, వరండాలో కాసేపు కూర్చున్నాడు. లోపల బద్రుద్దీన్ 'గ' పక్కన గుమ్మెట బొమ్మ వేస్తున్నాడు. భూమయ్య చూస్తూ చూస్తూ ఉండబట్టలేక లేచి గుమ్మంలోకి వచ్చాడు.

"గట్ల కాదు. మూతి గంత పెద్దగ ఉండదు. జర సన్నగ తియ్యి."

బద్రుద్దీన్ వెనక్కి తిరిగి ఆయన్ను చూశాడు. వంకరపోయిన చేతిని చూశాడు. బొమ్మ చెరిపి, మళ్లీ వేసి, సరేనా అన్నట్టు తలెత్తాడు.

"ఆఁ, గిప్పుడు సక్కగున్నది" అన్నాడు భూమయ్య.

ఆ తరువాత ఇద్దరూ స్నేహితులయ్యారని చెప్పలేం. కలిసి టీ తాగడం ఎవరూ చూడలేదు. కానీ ఆ బడి ఏడాది చివర్లో భూమయ్య కథ చెబుతుంటే బద్రుద్దీన్ బల్ల మీద బొమ్మలు వేశాడు. ఆ కథ వినడానికి మల్లేశం కూతురు కిటికీ దగ్గరికి వచ్చింది. నవోమి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. మరుసటి రోజు మల్లేశమే పిల్లను బడి వాకిలిదాకా దింపి, లోపలికి రాకుండానే పోయాడు. నవోమికి అంతే చాలనిపించింది.