భూమయ్య తాతకు పడని పెట్టె

కొందరికి వంకాయ పడదు, కొందరికి వెల్లుల్లి పడదు. నాంపల్లి భూమయ్య తాతకు హార్మోనియం పడదు. ఎవరింట్లో వాళ్ళు వాయించుకుంటే ఆయనకు పేచీ లేదు. చర్చిలో, ఆరాధన వేళ మోగితేనే గొడవ. ఏ పాటలో లేస్తాడో ఎవరికీ తెలియదు కాని లేవడం మాత్రం ఖాయం.

"ఏందయ్యా గీ డబ్బా లొల్లి! దేవుడు మనకు గొంతులియ్యలేదా?" అని అరిచి, కండువా దులిపి, చాపల మధ్య నుంచి దుమారంలా బయటికి పోయేవాడు. ముప్ఫై ఏళ్ళు స్టేషన్లో రైళ్ళ చప్పుడు మీదుగా కేకలు వేసి పెన్షన్ పుచ్చుకున్న గొంతు అది. ఆ కేకకు అబిడ్స్‌లో టాంగా గుర్రాలు ఆగిపోయేవని చెప్పుకునేవారు.

ఒకసారి పాస్టరుగారు నచ్చజెప్పబోయారు.

"సంగీతం కూడా దేవుడిచ్చిందే కదా భూమయ్యా?"

"పౌలు, సీల జైల్ల పాడిన్రు అయ్యగారూ. జైలోళ్ళు హార్మోనియం ఇచ్చిన్రా?"

"ఇవ్వలేదనుకో."

"అయినా జైలు తలుపులు తెరుచుకున్నయా, లేదా?"

"తెరుచుకున్నాయి."

"మరి మన చర్చి తలుపు తోసినా తెరుచుకుంటలేదు. గీ డబ్బా వచ్చినకాన్నుంచే!"

వానలకు చెక్క ఉబ్బి తలుపు బిగుసుకుందని విద్యాసాగర్‌కు తెలుసు. చెప్పే ధైర్యం లేదు. అతను అబిడ్స్‌లో ఒక బడిలో సైన్సు మాష్టారు, పైగా ఐదు నెలల పాపకు తండ్రి. పాప పాలు, నిద్ర, ఏడుపు, తుమ్ములు అన్నీ గంట, నిమిషంతో సహా నోటుపుస్తకంలో రాసేవాడు. తుమ్ములు మూడు దాటితే దవాఖానకు టాంగా మాట్లాడేవాడు.

ఆ పాప చర్చిలో పాట మధ్యలో ఏడుపు లంకించుకునేది. హార్మోనియం వాయించే ప్రభావతమ్మ వేళ్ళు ఆపి, కళ్ళద్దాల పైనుంచి చూడబోయేది. ఆమె చూసిందంటే ఆడవాళ్ళ చాపలన్నీ చూస్తాయి. ఈలోగా భూమయ్య తాత పేలడంతో అందరూ అటు తిరిగేవారు.

ఒక ఆదివారం తాత ఊరికి పోయాడు. పాప ఏడ్చింది. ఆ చూపు నేరుగా వచ్చి పాపను ఎత్తుకున్న అతని భార్య నళిని మీద పడింది. వెనక నుంచి ఎవరో, "పిల్లను ఊకుంచుడు గూడ రాదా?" అన్నారు.

"ఇగ నేను చర్చికి రాను. బాప్తిస్మం ఇంటికాడనే ఇప్పియ్యి," అంది నళిని ఇంటికొచ్చి. ఆమె ఏడవలేదు. దాంతో విద్యాసాగర్‌కు మరింత భయం వేసింది.

తాత లేకున్నా పాప ఏడ్చిందంటే లోపం హార్మోనియంలోనే ఉందని, అది ఏ స్వరమో కనిపెడదామని మరుసటి ఆదివారం నోటుపుస్తకం పట్టుకుని ఒక్కడే వెళ్ళాడు. తాత ఊరి నుంచి వచ్చేశాడు. ఒక పాట అయింది. రెండు, మూడు, ఐదు పాటలు అయ్యాయి. తాత లేవలేదు. పైగా కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు! ఆఖరి పాటకు మెల్లగా "వహ్వా" అన్నాడు కూడా.

విద్యాసాగర్ గబగబా పాత పేజీలు తిప్పాడు. "పాప ఏడుపు, 9-20. తాత కేక, 9-21." "పాప ఏడుపు, 9-42. తాత కేక, 9-43." తాత కేకలకు పాప జడుసుకుంటోందని అంతకుముందు రాసి పెట్టుకున్న లెక్క అది. ఇప్పుడు చూస్తే ప్రతిచోటా ఏడుపే ముందుంది.

బయట తాతను పట్టుకున్నాడు.

"తాతా, ఇయ్యాల లేవలేదేంది?"

"ఇయ్యాల పోరగాళ్ళెవరు ఏడ్వలేదు గద," అనేసి తాత నాలుక కరుచుకున్నాడు.

తర్వాత దాచలేకపోయాడు. "మా ఇంటామె పోశవ్వ పిల్లనెత్తుకొని కొత్తగ వచ్చినప్పుడు గిట్లనే అందరు చూసిన్రు. రెండేండ్లు చర్చి మొఖం చూడలే. గప్పుడు నా నోరు లేవలే బిడ్డా. ఇప్పుడు లేస్తుంది. మంది నా దిక్కు చూస్తుంటే తల్లి దిక్కు చూడరు."

"మరి హార్మోనియం ఏం పాపం చేసింది?"

"దానికేం పరువున్నది? ఎంత తిట్టినా పడుతది. ప్రభావతమ్మ మస్తుగ వాయిస్తది. ఆమెకు చెప్పకు, గర్వం వస్తది."

విద్యాసాగర్ ఇంటికొచ్చి చెప్పిన ఆ మాటలు విని నళిని పాపను భుజాన వేసుకుంది. "సరే, ఒక్కపారి వస్త," అంది.

ఆదివారం రెండో పాటలో పాప రాగం తీసింది. తాత లేవబోయాడు. బాసిపట్టు వేసిన కాలు తిమ్మిరెక్కి, సగం లేచి మళ్ళీ కూలబడ్డాడు. ప్రభావతమ్మ వేళ్ళు ఆగాయి. నళిని ముఖం పాలిపోయింది.

"ఆపున్రి ఆ డబ్బా!"

అరిచింది తనేనని విద్యాసాగర్‌కు కాస్త ఆలస్యంగా తెలిసింది. అప్పటికే నిలబడి ఉన్నాడు. ఇంకేదో అనాలి. "దావీదు మహారాజు... అన్ని కీర్తనలు రాసిండు! ఏనాడన్న వాయిద్యం ముట్టిండా?"

చర్చి చర్చంతా నోరు తెరిచి అతన్నే చూసింది. పాస్టరుగారి కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి. నళిని పాపతో పక్క తలుపులోంచి బయటపడింది. ఒక్కరూ గమనించలేదు. విద్యాసాగర్ కూడా బయటికి నడిచాడు.

కుంటుకుంటూ వెనకే వచ్చాడు తాత.

"గొంతు మంచిగనే లేచింది బిడ్డా. గని దావీదు పేరెందుకు తీసినవ్? ఆయన సితార పట్టుకొని పాడెటోడు. ఆయన వాళ్ళ దిక్కు!"

నళిని పకపకా నవ్వింది. తల్లిని చూసి పాప కూడా బోసినోరు తెరిచింది.

"నవ్వకు బిడ్డా," అన్నాడు తాత గంభీరంగా. "ఇంటికి పోయినంక మీ ఆయనతోని జర బైబిలు సదివియ్యి. వచ్చే ఆదివారం మళ్ళ తిట్టేదున్నది."