గద్ద వస్తే వేసే కేక

మా పెరట్లో ఒక కట్టుబాటు ఉండేది. గద్ద నీడ ఎవరి కంట పడితే వాళ్లు ముందు కేక వెయ్యాలి. రెండో మనిషి చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, ఏది దొరికితే అది పట్టుకుని, అదే కేక వేస్తూ రావాలి. ఒక్క గొంతుకి గద్ద బెదరదని మా అక్క సిద్ధాంతం. అక్క అంటే మా తోటికోడలు, మా బావగారి భార్య. పెరడు ఒకటే, వంటిళ్లు రెండు. తోటికోడళ్లన్నాక కొట్టుకుంటారని వీధంతా ఆశగా ఎదురు చూసింది. మేం అరిచిందంతా గద్ద మీదే.

బావగారికి రాజమండ్రిలో ఉద్యోగం దొరకడంతో మొన్న ఎండాకాలంలో వాళ్లు అక్కడ ఫ్లాటుకి మారారు. సామాను లారీ ఎక్కే వేళకి అక్క పెంచిన కోడిపెట్ట గుడ్ల మీద కూర్చుని ఉంది. పొదిగే కోడిని కదిపితే గుడ్లు వదిలేస్తుంది. అందుకని అన్నీ తీసుకెళ్లిన మనిషి దాన్ని మాత్రం నాకు వదిలింది. ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా బుట్టలో గడ్డి కింద పెట్టిన ఇనపముక్క, బొగ్గు ఉన్నాయో లేదో తడిమి చూసుకుని, "పిల్లలయ్యాక వస్తాను చెల్లీ, ఒక్కదాన్నీ పోనివ్వకు" అంది. లారీ మలుపు తిరిగేదాకా నేను ఏడవలేదు. తర్వాత ఎవరు ఊరుకోబెట్టినా ఊరుకోలేదు.

గుడ్లు పిల్లలయ్యాయి. అక్క రాలేదు. వాళ్ల అబ్బాయి స్కూలు, గ్యాసు కనెక్షను, బావగారికి సెలవు లేకపోవడం, ఎప్పుడూ ఏదో ఒక అడ్డం. ఈలోగా నేను కాపలా మొదలుపెట్టాను. రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టే వల పాతదొకటి తెప్పించి, మా ఆయన చేత పెరట్లో సగం మేర కట్టించాను. ముంగిస భయానికి చీకటి పడకముందే తల్లినీ పిల్లల్నీ గంప కింద కమ్మి పైన రాయి పెట్టేదాన్ని. కానీ ఆ మహాతల్లికి వల కింద చల్లిన నూకలు రుచించవు, అవతలున్న పెంటకుప్పే కావాలి. ఒకనాడు అక్కడే ఒక పిల్లని గద్ద తన్నుకుపోయింది. నేను చూశాను, గొంతు చించుకుని కేక వేశాను. అక్క వంటింటి తలుపుకి తాళం వేసి ఉంది. ఎవరూ రారని తెలిసి కూడా ఆ తలుపు వంకే చూశాను, గద్ద వెళ్లిపోయాక కూడా. మిగిలినవైనా అక్క వచ్చేసరికి ఉండాలని ఆ రోజు నుంచి నాకు ఒకటే యావ. అవి కూడా పోతే ఇక్కడికి రావడానికి అక్కకి వంకేముంటుంది?

మొన్న ఉదయం అక్క వీడియో కాల్ చేసి కోడిపిల్లల్ని చూపించమంది. పెంటకుప్ప దగ్గర గొంతుక్కూర్చుని ఫోను వాటి మీదికి పెట్టాను.

"ఆ నల్లది బాగా ఒళ్లు చేసిందే. నూకలన్నీ దానికే పోసేస్తున్నావా, మా మరిదికి ఏమైనా మిగులుతోందా?" అంది.

నేను నవ్వుతూ ఫోన్లోకే చూస్తున్నాను. పెట్ట గొంతులోంచి సన్నగా ఏదో గుర్రుమంది. నాకు పట్టలేదు, అక్కకి పట్టింది.

"గద్ద! చెల్లీ, గద్ద!"

ఫోన్లోంచి అక్క. ఆ గొంతు మొయ్యలేక ఫోను గరగరలాడింది. తలెత్తేసరికి కొబ్బరాకుల మీంచి దిగుతోంది. నేను లేచి, చేతిలో ఉన్న ఫోన్నే ఊపుతూ అదే కేక వేశాను. ఇద్దరం కలిసి అరిచాం. గద్ద పక్కకి తిరిగి కాలవ వైపు పోయింది. పెట్ట రెక్కలు విప్పితే పిల్లలన్నీ కిందకి దూరాయి.

"అన్నీ ఉన్నాయా?"

"ఉన్నాయక్కా."

అవతల ఎవరో తలుపు బాదుతున్నారు. ఎదురు ఫ్లాటావిడట. వెళ్లి ఇన్నాళ్లయినా ఆవిడ ముఖమే చూడలేదని అక్క ఎన్నోసార్లు చెప్పింది. "ఏమైందండీ, ఎవరికేమైందండీ" అని ఆవిడ కంగారుగా అడగడం నాకు వినిపించింది. అక్క ఇంకా రొప్పుతూనే ఉంది.

"ఏం లేదండి. మా పెరట్లోకి గద్ద వచ్చిందండి" అంది.

మూడో అంతస్తులో పెరడేమిటో ఆవిడకి అర్థం కాలేదు కాబోలు. నేను ఫోను చెవికి ఆనించుకుని, పెంటకుప్ప పక్కనే చతికిలబడి, వచ్చెయ్యక్కా అన్నాను.