తలుపు కింది సందు

యాభై ఏళ్ళకు పైగా ఒక మాట నన్ను వదల్లేదు. చిన్న మాట. అనడానికి ఒక్క క్షణం పట్టింది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళ ముఖం చూస్తూ ఈ సంగతి చెప్పగల ధైర్యం నాకు ఏనాడూ కలగలేదు.

మా నాయన ఈ దీవిలో, కొండమీది క్యూర్‌పైప్ ఊళ్ళో, బండ్లకు రేకుపని చేసేవాడు. సొట్టలు పడ్డ బండ్లు, తుప్పు తిన్న తలుపులు మా పెరట్లోకి వచ్చేవి. ఆ ఊళ్ళో వాన ఆగదు, రేకు ఆరదు, అందుకని పనికి కొదవ ఉండేది కాదు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. తోబుట్టువులు లేరు. నాయన కళ్ళకు పొర కమ్మాక ఆయన కళ్ళు నేనే అయ్యాను. గ్యాసు మంట నేను పట్టేదాన్ని, సుత్తి ఆయన పట్టేవాడు. నాకు ఇరవై రెండేళ్ళు. ఆ పని ఇష్టం లేక కాదు. కానీ పొద్దున లేచింది మొదలు ఇంకొకరికి కళ్ళుగా ఉండటం ఎలా ఉంటుందో చెప్పినా మీకు అర్థం కాదేమో. లేక ఇప్పుడు కూడా సాకులే వెతుక్కుంటున్నానా?

స్వాతంత్ర్యం రావడానికి ముందటి చలికాలం అది. సెయింట్ పియర్ ఊరి నుంచి గాస్తోన్‌గారు, మా మాటలో మిస్యే గాస్తోన్, అనే బడిపంతులు ఒక వ్యాను తెచ్చాడు. లోపల మంచం, చిన్న అల్మరా, కిటికీలకు గళ్ళ తెరలు. ఎక్కడికి వెళితే అక్కడే పడుకోవచ్చు. దేశం విడిచి పోతున్న ఒక ఇంగ్లీషాయన దగ్గర కొన్నాడట. ఏళ్ళ తరబడి సముద్రం ఒడ్డున నిలబడి ఉండటంతో పక్కనున్న తలుపు అడుగు భాగం తుప్పుతో పొడైపోయింది. చట్రానికి ఆనకుండా వాలిపోయి వేలాడుతోంది. ఆయన తల్లికి ఆయాసం. ఆమెను ఆ మంచం మీద పడుకోబెట్టి ఆదివారాలు సముద్రపు గాలికి తిప్పాలని ఆయన కోరిక.

ఆ తల్లి కూడా కొడుకుతో వచ్చింది. ఎముకల గూడులాంటి మనిషి. నా మణికట్టు పట్టుకుని తలుపు దగ్గరికి లాక్కెళ్ళింది.

"చూడు, మో తిఫి," అంది ఇక్కడి వాడుక భాష క్రియోల్‌లో, సొంత కూతుర్ని పిలిచినట్టు. "ఈ తలుపు ఊపిరి తీస్తోంది."

నవ్వుతూ సందు దగ్గర వేళ్ళు పెట్టాను. బయట ఆకు కదలడం లేదు. లోపలి నుంచి మాత్రం చల్లటి గాలి, ఆగి ఆగి, నా వేళ్ళకు తగిలింది. చెయ్యి తీసేశాను.

పదిరోజులు పట్టింది పని. కుళ్ళిన రేకంతా కోసేసి కొత్తది అతికాం. తలుపు బందులు తుప్పు తిన్న చోట కొత్త బందులు వేశాం. తొమ్మిదోనాడు నాయన ఇంకా చల్లారని రేకు మీద రెండు చేతులూ ఆనించాడు. వేళ్ళన్నీ బొబ్బలెక్కాయి. గుడ్డ చుట్టాను. ఇక్కడే అసలు సంగతి మీకు చెప్పాలి. కళ్ళు పోయినా నాయన తలుపు సందును గోటితో కొలిచేవాడు. పైనుంచి కిందికి గోరు జార్చి, ఎక్కడ ఎంత తేడా ఉందో చెప్పేసేవాడు. ఇప్పుడు ఆ గోళ్ళు గుడ్డలో ఉన్నాయి. మొదటిసారి ఆయన పూర్తిగా నా మీదే ఆధారపడ్డాడు.

పదోనాడు తలుపు బిగించాను. తర్వాత చేయాల్సింది ఆయనే నేర్పాడు. పాత పేపరు ముక్కను తలుపు అంచుకూ చట్రానికీ మధ్య పెట్టి, తలుపు మూసి లాగాలి. రాకపోతే తలుపు పట్టింది. జారితే పట్టలేదు. పైన రాలేదు. మధ్యలో రాలేదు. కింద పెట్టి లాగాను. నూనె రాసినట్టు జారి వచ్చేసింది. కింద సందు వేలంత ఉంది. తలుపు వాలి ఉండటంతో గడియ నాలుక సగమే లోపలికి దిగుతోంది. తలుపు మళ్ళీ ఊడదీసి బందులు సర్దాలి. ఇంకో పూట పని.

పక్క ఊరు ఫీనిక్స్‌లో మా తెలుగువాళ్ళ రామభజనం దగ్గర పడింది. ఆ మధ్యాహ్నం సాధన ఉంది. భజన నడిపించే పెద్దాయన ఆ ఏడు మొదటి చరణం నన్ను ఎత్తుకోమన్నాడు. అంతవరకూ నన్ను ఎవరూ దేనికీ ముందు నిలబెట్టలేదు. బస్సుకు వేళయింది.

"బోన్, అమ్మీ?" అని అడిగాడు నాయన. బాగుందా అని మా ఇంట్లో అలాగే అడిగేవాళ్ళం. "అడుగున కూడా పట్టిందా?"

"బోన్, నాయనా. పట్టింది."

ఇదే ఆ మాట.

బస్సెక్కాను. పాడాను. బాగా పాడానని అన్నారు. ఒక్కసారైనా ఆ సందు గుర్తొచ్చిందా అని మీరు అడగవచ్చు. వచ్చింది. సగం దిగిన గడియ చాలులే అనుకున్నాను. చాలదని నాకు తెలుసు.

ఆదివారం పొద్దున, మిస్యే గాస్తోన్ తల్లిని సముద్రానికి తీసుకెళుతుంటే, క్యూర్‌పైప్ నుంచి దిగే వంపులో, ఆ తలుపు తెరుచుకుంది. ఆవిడ మంచం మీద నుంచి రోడ్డు మీద పడింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయింది.

వ్యానును మా పెరట్లోకే తెచ్చి వదిలారు. మిస్యే గాస్తోన్ చేతికి సంతాపపు నల్లగుడ్డ కట్టుకుని వచ్చాడు. కేకలు వేస్తాడనుకున్నాను. "తలుపు తెరుచుకుంది," అన్నాడు. అంతే.

"సరిచూసింది నేనే, మిస్యే," అన్నాడు నాయన. "తప్పు నాది."

ఆయన వేళ్ళకు ఇంకా గుడ్డ ఉంది. మిస్యే గాస్తోన్ ఆ గుడ్డ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. నాయన మరచిపోయి అలా అన్నాడా? తెలిసే అన్నాడా? నోరు తెరవడానికి నాకు చాలా సమయం దొరికింది. మిస్యే గాస్తోన్ గేటు దాకా నెమ్మదిగానే నడిచాడు.

మళ్ళీ ఆ బండి కోసం ఆయన రాలేదు. జెండా మారిన ఏడాదిలో చాలామందిలాగే ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడని విన్నాను. నాయన ఇంకే పనీ ఒప్పుకోలేదు. ముసలాడి చేతులు పోయాయని గుళ్ళో మావాళ్ళే గుసగుసలాడారు. విన్నాను. విని ప్రసాదం పంచాను.

ఆయన నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం ఒక్కదాన్నే ఆ తలుపు ఊడదీశాను. బందులు సర్దాను. పైనుంచి కిందికి వెంట్రుకంత తేడా లేదు. కింద పేపరు పెట్టి మూసి లాగాను. చిరిగింది గాని రాలేదు. ఇంకో ముక్క పెట్టి, అలాగే మూసి ఉంచి వంటకు వెళ్ళాను. మంచు దిగుతున్న వేళ తిరిగి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. పేపరు ముక్క మంచం మీద ఉంది. ఎక్కడా చిరగలేదు. మడత పెట్టి ఉంది.

ఆ రోజు మొదలు మంచు దిగిన ప్రతి మధ్యాహ్నం ఆ తలుపు తెరుచుకునేది. గడియ చప్పుడు వినిపించేది కాదు. మూసేదాన్ని, తోసి చూసేదాన్ని, కొండలా ఉండేది. మళ్ళీ తెరుచుకునేది. గాలి అనుకోవడానికి ఎంతో ప్రయత్నించాను. చెట్లు కదలని రోజుల్లో కూడా అలా ఎలా అనుకోను?

నాయన భయపడలేదు. తడుముకుంటూ వెళ్ళి, "పార్దోఁ, మదాం," అని ఆవిడకు క్షమాపణ చెప్పుకుని మెల్లగా మూసి వచ్చేవాడు. ఒకరోజు మూసినవాడు అక్కడే నిలబడిపోయాడు. అప్పటికి వేళ్ళు మానాయి. గోటిని పైనుంచి కిందికి జార్చాడు. చివర, నేల దగ్గర, చాలాసేపు ఆపాడు. నేను పంపు దగ్గర గిన్నెతో నిలబడి ఉన్నాను. నీళ్ళు నిండి కాళ్ళ మీద పడుతున్నాయి.

"ఇప్పుడు బోన్," అన్నాడు, నా వైపు తిరగకుండా.

ఆ తర్వాత నాలుగేళ్ళు బతికాడు, ఒక్కనాడూ అడగలేదు. అడగకపోవడం ప్రేమా? శిక్షా? ఈ వయసులో కూడా తేల్చుకోలేకపోతున్నాను. ఆయన పోయాక వ్యానును ముక్కలు చేయించాను. కోసిన మనిషి ఇంత చక్కగా కూర్చున్న తలుపు ఎక్కడా చూడలేదన్నాడు.

గుళ్ళో పంతులుగారు నేర్పిన తెలుగు అక్షరాలతో ఇదంతా రాశాను. రాస్తూ రాస్తూ ఒకచోట ఆగిపోయాను. మా ఇంట్లో ఎవరికీ ఈ అక్షరాలు రావు. పిల్లలకు క్రియోలే మాట్లాడే భాష. మరి నేను ఒప్పుకుంటున్నానా, దాచుకోవడానికి ఇంకో చోటు వెతుక్కున్నానా?

అందుకే ఈ కాగితాలు పక్కన పెట్టి, నిన్న మా పెద్దమ్మాయిని కూర్చోబెట్టి క్రియోల్‌లో అంతా చెప్పాను. తాతయ్య తప్పేమీ లేదని, తలుపు పట్టలేదని నాకు తెలుసని, ఆ ముసలావిడ నా మాట వల్ల చనిపోయిందని. తాతయ్య పేరు మీద ఇన్నేళ్ళూ ఉన్న మచ్చ నాదని. అది వింది. నా చేయి పట్టుకోలేదు. లేచి పెరట్లో ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్ళింది. ఒక్కొక్కటే మడత పెడుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

నేను కూర్చున్నచోటే కూర్చున్నాను. చెప్పేశాను. మీకూ చెప్పేశాను.