అబెనా అక్క వద్దన్న మందులు

అబెనా అక్క పోయిందన్న వార్త నాకు మొదట తెచ్చింది మా అమ్మాయి మేఘన. అమెరికాలో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్ చలికి చేతులు పగులుతాయని, ఆ సాయంత్రం గిన్నెలు కడిగి షియా గింజల వెన్న రాసుకుంటున్నాను. ఘానా నుంచి వచ్చిన వెన్న అది. వేయించిన వేరుశనగలకు కాస్త పొగ పట్టినట్టుండే వాసన. అబెనా అక్క కోటుకీ, కారుకీ కూడా అదే వాసన ఉండేది. మేఘన ఫోన్ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. "అమ్మా, అబెనా ఆంటీ వాళ్ల సన్ మెసేజ్ చేశాడు. ఆంటీ ఈజ్ గాన్ మా. నిద్రలోనే అంట," అంది. చేతులు జిడ్డుగా ఉన్నాయని దేవుడి గది తలుపు ముట్టుకోలేదు. బయటే నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. అంతకు మించి ఏం చేయాలో తోచలేదు.

మీలో ఎవరికీ ఆమె తెలియదు కాబట్టి చెబుతాను. ఘానా మనిషి, మా పక్కింట్లో ఉండేది. ఇక్కడి ఆసుపత్రిలో ఫార్మసిస్ట్. మేం కొత్తగా దిగిన చలికాలంలో, నాకు మంచు ఎత్తడం చేతగాక పార పట్టుకుని దిక్కులు చూస్తుంటే, వచ్చి చేతిలోంచి లాక్కుంది. ఏ ఊరని అడిగింది. హైదరాబాద్ దగ్గర అన్నాను. "మీ ఊరు నాకెప్పుడో తెలుసు! మా ఊరి ఆసుపత్రిలో మందు పెట్టెల మీద చదివేదాన్ని. మలేరియా మందులు, బీపీ మందులు, ఎన్నో అక్కణ్ణుంచే వచ్చేవి. థాంక్యూ," అంది, ఆ మందులు నేనే చేసి పంపినట్టు. ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్లం. 'అక్క' అంటే ఏమిటో చెప్పాక మాత్రం, పేరుతో పిలిస్తే పలికేది కాదు.

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు గుండె జబ్బు చేస్తే, మా తాతగారే ఇంట్లో పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పారు. ఆయన పుణ్యాన తెలుగూ, లెక్కలూ, ఇంగ్లీషూ వచ్చాయి గానీ చేతిలో ఒక్క సర్టిఫికెట్ లేదు. పని చేసుకునే అనుమతి వచ్చినప్పుడు ఈ సంగతి ఆమెకు సిగ్గుపడుతూ చెప్పాను. "ఎక్కడ చదువుకున్నావని మందు సీసా నిన్ను అడగదు. దాని మీద ఉన్నది తప్పు లేకుండా చదవగలవా, లేదా?" అంది. హైస్కూలుకి సమానమైన పరీక్షకు ఆమే కూర్చోబెట్టింది, ఆపైన ఫార్మసీ టెక్నీషియన్ కోర్సుకి కూడా. ఈ రోజు నేను తినే ముద్దలో ఆమె చెయ్యి ఉంది.

ఒక ఏడాది మా గుడివాళ్లు ఘానాలోని పల్లె ఆసుపత్రులకు మందులు సేకరించి పంపుదామనుకున్నారు. అబెనా అక్క ఊరి పక్కనున్న ఆసుపత్రులే అవి. కమిటీ పెద్ద సుధాకర్ గారు ఆమె సాయం అడగమంటే, నేనే గుడి బేస్‌మెంట్‌కి తీసుకెళ్లాను. మన ఇళ్లలో ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల డబ్బా ఒకటి ఉంటుంది కదా, అందరూ వాటిని తెచ్చి బల్ల మీద కుమ్మరించారు. ఆమె ఒక బిళ్లల పట్టీ తీసి వెలుతురుకు పట్టి చూసింది. ఇంకోటి తీసింది. మన మెడికల్ షాపుల్లో అడిగినన్ని బిళ్లలకే పట్టీని కత్తెరతో కత్తిరించి ఇస్తారు. తయారీ నంబరూ, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. మన చేతికొచ్చింది ఏమిటో, ఎప్పటిదో తెలియదు. మనం ఏనాడూ దాని గురించి ఆలోచించం.

"ఈవిడేంటే, మా అత్తగారు బియ్యంలో రాళ్లేరినట్టు ఏరుతోంది!" అంది నా పక్కనున్న లక్ష్మి. అందరూ నవ్వారు. ఏమన్నారని అబెనా అక్క అడిగితే చెప్పాను. తనూ నవ్వింది. "మీ అత్తగారు మంచి ఫార్మసిస్ట్ అయ్యుండేది," అంది. నవ్వుతూనే బల్ల మీదున్నవన్నీ పక్కకు తోసేసింది. ఒక్కటీ ఉంచలేదు.

సుధాకర్ గారికి కోపం వచ్చింది. "ఏమీ లేనివాళ్లకి ఇదైనా నయం కదమ్మా? కంటైనర్ బుక్ చేసేశాం, ప్రకటన ఫ్లయర్ కూడా అందరికీ వెళ్లిపోయింది," అన్నారు నాతో. నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. అబెనా అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా తమ్ముడికి మలేరియా వచ్చింది," అంది. "బజారులో మందు కొన్నాం. పెట్టె బాగుంది, పేరు సరిగ్గానే ఉంది. చెప్పినన్ని రోజులూ వేశాం. లోపల మందు సరిగ్గా లేదు. మందు దొరక్క పోలేదండీ మా తమ్ముడు. వేసుకుంటూనే పోయాడు."

తనకు కావలసింది అప్పుడు చెప్పింది. ఆ చిన్న ఆసుపత్రులు ఎవరికి వారు బజారులో కొంటే ధర ఎక్కువ, పైగా ఏది అసలో ఏది నకిలీయో తెలియదు. అందరూ కలిసి ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది, వచ్చిన సరుకును పరీక్ష చేయించే ఖర్చూ పంచుకోవచ్చు. మొదటి కొనుగోలుకు మీరు చేయూతనిస్తే చాలు, పెట్టెలు వద్దు అంది.

"పరీక్షలకి డబ్బంటే ఎవరిస్తారమ్మా? పెట్టెలైతే కళ్లకి కనపడతాయి, ఫోటో పెట్టుకోవచ్చు," అన్నారు సుధాకర్ గారు.

నేను పెద్దల ఎదుట మాట్లాడే మనిషిని కాను. ఆ రోజు మాత్రం నోరు తెరిచాను. "దేవుడికి పెట్టే పువ్వుని మనం వాసన కూడా చూడం కదండీ. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియని బిళ్లని మనిషికెలా ఇస్తాం?"

"అది పూజ తల్లీ, ఇది సేవ."

"రెండూ ఒకటేనని బయట కట్టిన బ్యానర్ మీద మీరే రాయించారు."

లక్ష్మి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. కంటైనర్ రద్దయింది, డబ్బూ పోగవలేదు. ఆ వచ్చే ఏడాది మళ్లీ రాలేదు.

అబెనా అక్క ఉద్యోగం మానేసి, దాచుకున్నదంతా పట్టుకుని తనే ఘానా వెళ్లింది. కొన్ని ఆసుపత్రులు చేయి కలిపాయి. వానాకాలం వచ్చిందంటే ఆమె వాయిస్ మెసేజ్‌లు వచ్చేవి. వెనక వాన చప్పుడు, పైన ఆమె అరుపు: "చెల్లీ, ఈసారి సరుకు పరీక్షలో నెగ్గింది! వచ్చి నీ కళ్లతో చూడు!" వస్తానన్నాను. మా గ్రీన్ కార్డ్ కాగితాలు కదలడం లేదు, ఇప్పుడు దేశం దాటితే తిరిగి రానిస్తారో లేదో అన్నాడు లాయర్. ఆగాను. కార్డ్ వచ్చేసరికి అక్క లేదు. దేవుడు నాకు చాలా ఇచ్చాడు, అడగనివీ ఇచ్చాడు. ఈ ఒక్కటీ ఎందుకు ఆలస్యం చేశాడో అడగాలనిపిస్తుంది, అడగను.

వార్త తెలిసిన వారానికి సుధాకర్ గారు ఫోన్ చేశారు. గొంతు నెమ్మదిగా ఉంది. "అమ్మా, ఆవిడ అప్పుడు అడిగింది ఇప్పుడైనా ఇద్దామా?" అన్నారు. అబెనా అక్క వాళ్ల అబ్బాయిని కనుక్కున్నాను. ఆమె లేకపోయేసరికి రెండు ఆసుపత్రులు మళ్లీ బజారు సరుకుకి మళ్లాయట. మిగిలినవాళ్లు పట్టుదలగానే ఉన్నారు గానీ, కొనుగోలు చూసుకునే ఫార్మసిస్ట్ కోసం వెతుకుతున్నారట. ఆ మాటే సుధాకర్ గారికి చెప్పాను. "ఇద్దామండీ," అన్నాను. ఆమె ఉండగా ఈ ఫోన్ వచ్చుంటే ఆ రెండూ నిలిచేవేమో అన్న మాట నోటిదాకా వచ్చింది. ముసలాయన, మనసు మార్చుకున్నారు. దిగమింగుకున్నాను.

ఇప్పుడు ఫార్మసీలో సీసా మీద చీటీ అంటించే ముందు, వెనక ఎంతమంది వరసలో ఉన్నా, మరోసారి చదువుతాను. చదివినంతసేపూ ఆమె నా భుజం మీంచి చూస్తున్నట్టే ఉంటుంది.

మీకు నాదొక మనవి. జ్వరం వచ్చినప్పుడు మందు కోసం వెతుక్కుంటాం, తగ్గిన మరునాడు దాని ఊసే ఎత్తం. మీ ఇంట్లో పిల్లవాడికి జ్వరం దిగి, లేచి అన్నం అడిగిన పొద్దున, ఆ బిళ్లలో నిజంగా మందే ఉందో లేదో మీకు తెలియకుండానే ఎవరో చూసి పంపారని గుర్తు చేసుకోండి. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాక, ఒక్కసారి అబెనాను తలుచుకోండి.