ఇరవై రెండు వరసలు

మా కుట్ల టీచరు గారు పోయారని నాకు పోస్టుకార్డు మీద తెలిసింది. నాతో చదువుకున్న స్నేహితురాలు నాలుగు ముక్కలు రాసింది. గురువారం పొద్దున పోయారట. సాయంత్రానికల్లా మట్టి చేశారట. ఆదివారం మన బడిలో సంతాపసభ పెడుతున్నారు, తప్పకుండా రా, ఆవిడకి అందరికన్నా ఇష్టమైన పిల్లవి నువ్వే కదా అని రాసింది. ఆ ఆఖరి మాట చదివి కార్డు అవతలికి విసిరేశాను. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎవరి మీదో వరసగా చెబుతాను. నన్ను కూడా వదలను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆవిడ మా ఆడపిల్లల బడికి వచ్చారు. మాది చీరాలకి దగ్గర్లో ఒక చిన్న ఊరు. చుట్టూ పత్తి, మిరప. ఆవిడ భర్త జిన్నింగు మిల్లులో పనిచేసి, పత్తి దూది పీల్చీ పీల్చీ, నలభై దాటకుండానే దగ్గుతో మంచం పట్టాడు. ఒక్కతే కూతురు. ఇల్లు గడవాలంటే ఆవిడ ఉద్యోగమే దిక్కు, అదీ టెంపరరీ. ప్రతి వేసవిలోనూ స్కూలు కమిటీ పెద్దాయన దయ తలిచి ఇంకో ఏడాది పొడిగించాలి. నెత్తిన కొంగు కప్పుకుని ఆయన గది బయట ఆవిడ నిలబడి ఉండటం మేమంతా చూశాం. కుర్చీ వేసినవాళ్ళు లేరు.

ఆవిడ నేర్పిన అల్లికని ట్యునీషియన్ క్రోషే అంటారని చాలా ఏళ్ళ తర్వాత ఒక పుస్తకంలో చూశాను. ఆవిడ పొడుగుసూది అల్లిక అనేవారు. చిన్నప్పుడు ఒక ఆసుపత్రి నర్సు దగ్గర నేర్చుకున్నారట. మాకు ఉన్ని ఎక్కడిది, చీరాల ముతక నూలు తెచ్చి నాలుగు పోగులు కలిపి పేనేవాళ్ళం. వెదురుపుల్ల చివర చాకుతో కొక్కెం చెక్కి, గాజుపెంకుతో నున్నగా గీకి, ఎవరి సూది వాళ్ళకి ఆవిడే చేసిచ్చేవారు. వెళ్ళేటప్పుడు కుట్లన్నీ సూది మీదికి ఎక్కించుకుంటూ పోవాలి. వచ్చేటప్పుడు ఒక్కొక్కటే దించుకుంటూ రావాలి.

మొదటిసారి నేను ఇరవై ఎనిమిది వరసలు అల్లానని గొప్పగా పట్టుకెళితే అది కిందా మీదా కలిపి జానెడు కూడా లేదు. వెళ్ళినది ఒక వరస, వచ్చినది ఒక వరస అని లెక్కేసుకున్నాను. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు.

"ఏమే, గుంటూరు పోయొస్తే రెండు ప్రయాణాలని చెప్తావా మీ ఇంట్లో? పోయి తిరిగొస్తేనే ఒక వరస."

అంచున ఉండే ఆఖరి కుట్టు కంటికి ఆనదు. దాన్ని వదిలేస్తూ పోతే పైకి వెళ్ళేకొద్దీ ముక్క సన్నబడుతుంది. "చదరం అల్లమంటే గోపురం అల్లుకొచ్చావు" అనేవారు. వరసలు లెక్కపెట్టేటప్పుడు ముక్కని ఒళ్ళో పరిచి, నిలువు గీతల మీద చూపుడువేలి గోరు కింది నుంచి పైకి జరుపుతూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టేవారు. మధ్యలో పలకరిస్తే మళ్ళీ మొదటికి వచ్చేవారు.

అన్నిటికన్నా ఆవిడ పట్టుబట్టింది చేతి బిగువు దగ్గర. ఒకే సూది, ఒకే నూలు, అవే ఇరవై ఎనిమిది వరసలు ఇచ్చినా ఒకరిది ఎనిమిదంగుళాలు వస్తుంది, ఇంకొకరిది పది వస్తుంది. అందుకని ముందు ప్రతి పిల్లా ఒక చిన్న ముక్క అల్లాలి. దాన్ని ఉడుకునీళ్ళలో వేసి, పిండి, నీడన ఆరబెట్టి, అప్పుడు స్కేలు పెట్టాలి. అంగుళానికి ఎన్ని వరసలు వచ్చాయో చూసి, బిగువు చేతికి లావు సూది, వదులు చేతికి సన్న సూది ఇచ్చేవారు. ఉడకబెట్టడం ఎందుకండీ, ఆలస్యం కదా అని గునిసేవాళ్ళం. "నీళ్ళు చూడని నూలు నిజం చెప్పదే" అనేవారు. ఎవరి ముక్క ఎవరిదో పేరు రాయకపోయినా, చేత్తో నొక్కి చూసి చెప్పేసేవారు. ఇది గుర్తుంచుకోండి.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఊళ్ళో ఆసుపత్రివాళ్ళు పురిటి వార్డుకి దుప్పటి ఒకటి అల్లించి ఇమ్మన్నారు. బాగుంటే ఇరవై చేయిస్తామన్నారు. అదే గనక జరిగితే టీచరు గారి ఉద్యోగం పర్మనెంటు చేస్తానని కమిటీ పెద్దాయన నలుగురి ముందూ అన్నాడు. ముప్ఫై అయిదు చదరాలు, ఒక్కొక్కటి ఇరవై ఎనిమిది వరసలు, ఉడికి ఆరాక తొమ్మిదంగుళాలు. ఏడుగురం తలా అయిదు. అడుగు వరస మొత్తం నాది. అందరి ముక్కలూ గోరు పెట్టి లెక్కపెట్టిన మనిషి, నా దగ్గరికి వచ్చేసరికి మొదట అల్లిన నమూనా ముక్క ఒక్కటే చూసి, "నీ చెయ్యి నాకు తెలుసు. నీవి లెక్కపెట్టక్కర్లేదు" అన్నారు. ఆ మాటకి పొంగిపోయాను.

అవి మిరప కోతల రోజులు. మా నాన్న కల్లంలో కూలీలు చాలక ఇంటిల్లిపాదీ తొడిమలు తీశాం. నాలుగు రోజులకి నా వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు అయ్యాయి. నూలు వేలికి తగిలితే కళ్ళమ్మట నీళ్ళు. బిగించి పట్టుకోలేక వదులువదులుగా అల్లాను. ఇరవై రెండు వరసలకే ఎనిమిదంగుళాలు వచ్చింది. ఇంకా ఆరు అల్లాలి. అల్లలేదు. అయిదు ముక్కలనీ చిక్కటి గంజిలో ముంచి, పీటమీద మేకులు కొట్టి, నాలుగు మూలలా లాగి, ఎండలో పెట్టాను. తొమ్మిదికి తొమ్మిదంగుళాలూ వచ్చాయి. చేతులు మండుతున్నాయండీ అని ఒక్క మాట చెబితే ఆవిడే కూర్చుని అల్లేవారు. నా మంచి పేరు పోతుందని చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే హడావిడిగా అందరివీ కలిపి అతికించి ఆసుపత్రికి పంపారు. నావని నమ్మి నా ముక్కల్ని ఆవిడ నొక్కి కూడా చూడలేదు.

ఆసుపత్రివాళ్ళు దుప్పటిని ముందు ఉడకబెడతారు కదా. వారం తిరక్కుండానే వెనక్కి పంపారు. అడుగు వరస మొత్తం ముడుచుకుపోయింది, అతుకులు తెగాయి. హెడ్మిస్ట్రెస్ గారు దాన్ని వరండాలో బల్ల మీద పరిపించి బడినంతా పిలిపించారు. కమిటీ పెద్దాయన ఒక కొస రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదేందమ్మా? పిల్లలకి నేర్పేది ఇదేనా?"

టీచరు గారు వంగి ఆ అడుగు వరస మీద చెయ్యి వేశారు. నొక్కి చూశారు. గోరుతో కింది నుంచి పైకి లెక్కపెట్టారు. పెదవులు కదలడం నాకు కనిపిస్తోంది. ఇరవై రెండు దగ్గర ఆగాయి. నేను మూడో వరసలో నిలబడి ఉన్నాను. ఆవిడ నా వైపు చూడను కూడా చూడలేదు.

"నా లెక్క తప్పిందండీ" అన్నారు.

ఆ ముక్కలు నావని నేను ఒప్పుకోలేదు. నోట్లో మట్టి కొట్టుకున్నా బాగుండేది. నెల తిరిగేసరికి ఆ ఉద్యోగంలో కమిటీ పెద్దాయన మరదలు చేరింది. ఆ మరదలికి కాజా కుట్టడం కూడా రాదు. మా టీచరు గారు ఇంటి అరుగు మీద రవికలు కుట్టి బతికారు. కూతుర్ని ఏడో తరగతిలో మాన్పించి మిరపకాయల కొట్టులో తొడిమలు తీసే పనికి పంపారు. రెండేళ్ళకి ఆవిడ భర్త పోయాడు.

నా పెళ్ళికి పిలవడానికి వెళ్ళినప్పుడు ఇక దాచలేక గంజి సంగతి మొదలుపెట్టాను. ఆవిడ మిషను ఆపలేదు.

"ఇరవై రెండు. నాకు తెలవదనుకున్నావా?"

"మరి చెప్పలేదేమండీ ఆ రోజు?"

"నేను లెక్కపెట్టాలి గదా. నీ చెయ్యి మీద నమ్మకంతో మానేశాను. లెక్కపెట్టకపోవడం నా తప్పే. ఇంకెక్కడా చెప్పమాకు. పెళ్ళికూతురివి."

ఆ మంచితనం మీద నాకు ఇవాళ్టికీ కోపమే. తిట్టి ఉంటే, జుట్టు పట్టుకుని వరండాలోకి ఈడ్చి ఉంటే ఆ ఇల్లు నిలబడేది. ఆవిడ చెప్పొద్దన్నారు, అదే చాలని నేను సంతోషంగా ఇంటికి వచ్చి పెళ్ళి చేసుకున్నాను. అంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకొకటి చేశాను. నేనూ కుట్ల టీచరునయ్యాను. గుంటూరులో ఒక బడిలో పర్మనెంటు.

చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. ఆదివారం సభలో అదే హెడ్మిస్ట్రెస్ గారు, ఇప్పుడు రిటైరయ్యారు, మా టీచరు గారంత సేవామూర్తి లేరన్నారు. ఆరోగ్యం సహకరించక తనంతట తనే మానుకున్నారన్నారు. కమిటీ పెద్దాయన ముందు వరసలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని తల ఊపాడు. ప్రియశిష్యురాలు రెండు మాటలు మాట్లాడుతుందని నన్ను పిలిచారు.

రెండు మాటలే మాట్లాడాను. మానుకోలేదు, మీరిద్దరూ కలిసి తీసేశారన్నాను. ఆ అడుగు వరసలో ఇరవై రెండే అల్లి గంజిపెట్టి లాగింది నేనన్నాను. పెద్దాయన లేచి, "ఇప్పుడెందుకమ్మా అయ్యన్నీ, శుభమా అంటా" అన్నాడు. సంతాపసభలో శుభమేమిటో ఆయనకే తెలియాలి. కూర్చోండి అని అరిచాను. కూర్చున్నాడు. నా గుండె కొంచెం తేలికపడింది. అబద్ధమెందుకు, కాస్త గర్వం కూడా కలిగింది.

మెట్లు దిగుతుంటే ఆవిడ కూతురు ఎదురొచ్చింది. చంకలో బిడ్డ. వేళ్ళు తొడిమలు తీసీ తీసీ పగిలి ఉన్నాయి. అమ్మ తరఫున రెండు మాటలు అంటుందేమో, ఏడుస్తుందేమో, కౌగిలించుకుంటుందేమో అనుకున్నాను. మామూలు గొంతుతోనే అంది.

"మా నాన్న పోయేటప్పుడు కూడా అమ్మని తిడతానే పోయాడండీ, లెక్క సరిగ్గా పెట్టుకోలేక ఉద్యోగం పోగొట్టుకున్నావని. నేను కూడా అదే అన్నాను. మొన్న బుధవారం కూడా అన్నాను."

నేను చెయ్యి చాచాను. ఆమె బిడ్డని రెండో చంకకి మార్చుకుని పక్కకి తప్పుకుంది. గేటు దాటి, మిట్టమధ్యాహ్నపు ఎండలో, చెప్పుల్లేకుండా, పరుగూ కాదు నడకా కాదు అన్నట్టు వెళ్ళిపోయింది. కొంగు జారినా సర్దుకోలేదు. రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ బిడ్డ మాత్రం ఆమె భుజం మీదుగా నన్నే చూస్తూ ఉంది.