టూర్మలీన్‌కి దిష్టి తీశారు

నేను కాలేజీలో జియాలజీ చెబుతాను. కిందటి వేసవిలో వినుకొండ దగ్గర గుట్టమీద, తెల్లరాతి చారలో వేలెడంత ఆకుపచ్చ టూర్మలీన్ స్ఫటికం దొరికింది. మా అత్తగారు అది జాతిపచ్చేనని వీధంతా చాటి, ఉంగరం చేయిస్తానన్నారు.

"కాదత్తయ్యా, చూడండి" అని, చూడవచ్చిన ఇరుగుపొరుగు ముందే రాయిని పెనంమీద కాస్త వేడిచేసి బూడిద దగ్గర పెట్టాను. టూర్మలీన్ వేడెక్కి చల్లారేటప్పుడు కరెంటు పుట్టి దుమ్మును లాగుతుంది; జాతిపచ్చ లాగదు. బూడిద లేచి రాయికి అంటుకుంది.

"అందరి కళ్లూ పడ్డాయి" అంటూ అత్తయ్య గుప్పెడు ఎండుమిరపకాయలు రాయిచుట్టూ తిప్పి పొయ్యిలో వేశారు. మా చేలో కాయలే. అందరం దగ్గుతూ వీధిలోకి పరిగెత్తాం.

ఆవిడ కొంగుతో ముక్కు మూసుకుని, "ఇంత ఘాటొచ్చిందంటే దిష్టి లేనట్టే. ఎవరి కన్నూ పడని రాయి జాతిపచ్చ ఎలా అవుతుందే?" అన్నారు.

ఈ పరీక్ష ఏ పాఠంలోనూ లేదు. ఫలితం మాత్రం కరెక్టే.