వచ్చిన పాఠాన్ని రాదని రాశారు

గోపన్‌పల్లి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సర్క్యూట్లు చెబుతాను. పోయిన సెమిస్టర్‌లో రెండో సంవత్సరం పిల్లలకి ప్రతి పరీక్షకీ మార్కులు వేయడం మానేశాను. ఈ సబ్జెక్టులో చేయడం రావాల్సిన పన్నెండు పనులు కాగితం మీద రాసి క్లాసు గోడకి అంటించాను. ఒక్కోదానికీ ఎదురుగా ‘వచ్చింది’ లేదా ‘ఇంకా రాలేదు’, అంతే. రానివాళ్లు చదువుకుని మళ్లీ రాయొచ్చు. చివరికి ఎన్ని వచ్చాయో దాన్నిబట్టే గ్రేడు. ముందే మా డిపార్ట్‌మెంట్ హెచ్‌ఓడీ గారిని అడిగాను. “కానివ్వండి మేడం, కొత్తగా ఉంది,” అన్నారు.

బాలానగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ల నాన్న లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. మొదటి నెలలో ఆమెకి ఒక్కటీ రాలేదు. అయినా వదల్లేదు. “జర ఇంకొక్కసారి చూడుర్రి మేడం,” అంటూ లంచ్ టైములో స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడేది. ఒక పరీక్షయితే నాలుగుసార్లు రాసింది. నాలుగోసారి నేనిచ్చిన లెక్కలోనే తప్పు పట్టింది. సెమిస్టర్ అయ్యేసరికి పన్నెండింట్లో పదకొండు వచ్చేశాయి.

అప్పుడు హెచ్‌ఓడీ గారు పిలిచారు. “మొదట్లో తప్పినవి కూడా లెక్కేసి, సగటు తీసి మార్కులు వేయండి. ఇంతమందికి పై గ్రేడు ఇస్తే బాగుండదు.”

“వాళ్లకి ఇప్పుడు వచ్చు కదండీ. వచ్చినదాన్ని రాదని ఎలా రాయను?”

“మీరు రాయకపోతే ఇంకొకరు రాస్తారు.”

రాశారు. ఆ అమ్మాయి అత్తెసరు మార్కులతో పాసైంది. మాదాపూర్‌లో ఇంటర్న్‌షిప్‌కి పంపేవాళ్ల జాబితాలో ఆమె పేరు లేదు.

ఆ అమ్మాయి ఊరుకోలేదు. ప్రిన్సిపాల్‌కి అర్జీ పెట్టుకుంది. హెచ్‌ఓడీ, ఇంకో ఇద్దరు సీనియర్లు కూర్చుని ఆమెని బోర్డు దగ్గరికి పిలిచారు. నేనూ ఓ పక్కన కూర్చున్నాను. అడిగిన ప్రతి లెక్కా చేసింది. ఎందుకలా చేసిందో కూడా చెప్పింది. “బాగా చెప్పావమ్మా,” అన్నారు. ఆ నోటితోనే, “మార్కులు ఎక్కించేశాం, ఇక మార్చడానికి రూల్ లేదు,” అన్నారు.

“మరి నన్నెందుకు పిలిచిన్రు సార్?” అంది.

హెచ్‌ఓడీ ఫోన్ చూసుకుంటున్నాడు. ఆమె చేతికంటిన చాక్‌పీసు పొడి దులుపుకుని వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి అరిచాను. “మనం చదువు చెప్పడానికున్నామా, పిల్లల మొహాన రాదని ముద్ర కొట్టడానికున్నామా?” అన్నాను. ఈ సెమిస్టర్ నా క్లాసులు తీసేసి ల్యాబ్ ఇచ్చారు. ఇచ్చుకోనీ. వాళ్ల మీద కోపం ఎటూ పోదు. అంతకన్నా నా మీద నాకే ఎక్కువ మంటగా ఉంది. ఆ అరుపేదో ఆ పిల్ల గదిలో ఉండగా అరవాల్సింది.